మోచెయ్యి బానే ఉంది

మే 6, 2025. లండన్, ఒంటారియో

మోచెయ్యి బానే ఉంది.

దీన్ని తెలుగులో రాయడానికి కారణం లూక్ గాడు. మా బేస్‌బాల్ టీంలో నా బంతులు పట్టే క్యాచరు, నా రూమ్మేటు, క్యూబెక్ వాడు. నా ఫోను చూస్తాడు, నా సాక్సు వేసుకుంటాడు, ఫ్రిజ్‌లో పెరుగన్నం వాసన చూసి పాడైపోయిందని పారేస్తాడు. ఇంగ్లీషులో రాస్తే మధ్యాహ్నానికల్లా టీమంతా చదివేసి పడీపడీ నవ్వుకుంటారు. పన్నెండేళ్లు వచ్చేదాకా కాకినాడలో చదివిన చదువూ, ఆ తర్వాత సార్నియాలో అమ్మ వంటింట్లో పక్కన కూచోబెట్టుకుని చదివించిన వారపత్రికలూ ఇన్నాళ్లకి అక్కరకొచ్చాయి.

కాకినాడ చుట్టాలు "మావాడు లండన్‌లో ఆడుతున్నాడు" అని చెప్పుకుంటున్నారట. ఏ లండనో వాళ్లెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రేపటినుంచి సీజను. నాకు ఇరవై తొమ్మిది నిండాయి. బంతులు విసిరే నాలాంటి పిచరుకి అది షష్టిపూర్తి వయసు.

మే 7

నిన్న అసలు సంగతి రాయలేదు. ఎవడికోసం రాయాలి, నాకు తెలియనిదా? అయినా ఒకసారి రాసి పడేస్తే మళ్లీ రాయక్కర్లేదు.

ఇరవై ఒకటో ఏట మోచేతిలో లిగమెంటు తెగింది. ముంజేతిలోంచి ఒక తీగ తీసి అక్కడ కుట్టారు. రెండేళ్లకి భుజం. దాన్ని పండగ ముందు ఇల్లు బూజు దులిపినట్టు దులిపారు. అప్పటికి ఫ్లోరిడాలో ఓ పెద్ద క్లబ్బు కింద జట్టులో ఉన్నా. దులిపినాక వాళ్లు నన్ను కూడా దులిపేసుకున్నారు. ఆ తర్వాత మళ్లీ అదే మోచెయ్యి. ఈసారి తొడ వెనకనుంచి తీసి వేశారు. నాన్న కాకినాడలోనూ సార్నియాలోనూ ప్లాంటుల్లో పాతికేళ్లు పైపులు చూసి రిటైరైన మనిషి. ఆపరేషన్ అయి కళ్లు తెరవగానే ఆయన అన్న మొదటి మాట: "పైపు లీకైతే క్లాంపు వేస్తాం. మళ్లీ లీకైతే ఇంకో క్లాంపు. మూడోసారి కూడా క్లాంపే వేసే ఇంజనీర్ని ఉద్యోగంలోంచి తీసేస్తాం."

సర్జన్ అయితే ఇంకా సూటిగా చెప్పాడు. "మళ్లీ పాడైతే మనం బంతి గురించి మాట్లాడుకోం, చొక్కా గుండీలు పెట్టుకోవడం గురించి మాట్లాడుకుంటాం."

అది మూడేళ్ల కిందటి మాట. ఇప్పుడు లండన్ హెరాన్స్‌లో ఉన్నా. దీనికింద మెట్టు లేదు, ఉన్నది రోడ్డే.

మే 12

కొత్త ఫిజియో వచ్చింది. ఎవరో పంజాబీ అమ్మాయి అన్నాడు లూక్. వాడికి ఇండియా అంటే అంతే. వెళ్లి చూస్తే ధరణి, కరీంనగర్. హైదరాబాదులో క్రికెట్ అకాడమీలో చేసిందట, ఇక్కడ కోర్సు పూర్తిచేసి వర్క్ పర్మిట్ మీద ఈ ఉద్యోగం పట్టింది.

నా పేరు బోర్డు మీద "బ్రాడ్" అని చూసి తెల్లవాడనుకుందట. ఏడో తరగతి టీచరుకి భరద్వాజ్ నోరు తిరక్క పెట్టిన పేరు అది. అమ్మకి ఇప్పటికీ ఒళ్లు మంట.

"అన్నా, నాకు బేస్‌బాల్ అస్సలు రాదు," అంది. "చేతులు మాత్రం తెలుసు."

ఇదే ప్రమాదం. బేస్‌బాల్ తెలిసి చేతులు తెలియనివాళ్లతో ఇన్నాళ్లూ హాయిగా నెట్టుకొచ్చా. పైగా తెలుగు చదవడం వచ్చిన మనిషి. ఈ పుస్తకం ఇకనుంచి బియ్యం డబ్బాలో ఉంటుంది.

మే 13

పొద్దున్నే, "ఎట్లుంది అన్నా చెయ్యి?"

"బానే ఉంది."

మే 14

"ఎట్లుంది?"

"బానే ఉంది."

మే 20

గెలిచాం. నేను ఆరు ఇన్నింగ్సు వేశా. బంతి చెప్పిన మాట వింది. నా జీవితంలో చెప్పిన మాట వినేది అదొక్కటే.

మోచెయ్యి బానే ఉంది. కాస్త గుర్రుమంటోంది, అంతే. పాత కారు కూడా గుర్రుమంటుంది, అలాగని స్క్రాపుకి ఇచ్చేస్తామా?

జూన్ 2

ఈరోజు ధరణి చేసిన పని ఈ టీం మనవళ్లకి కూడా చెప్పుకుంటుంది.

టైలర్ అని మా కుర్ర పిచరు. అవతలి జట్టుకి ఆరు ఇన్నింగ్సులపాటు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఆట మొత్తం, అంటే తొమ్మిది ఇన్నింగ్సులూ, ఏ బ్యాటరూ బంతి కొట్టి బేసు చేరకుండా అలా ఒక్క హిట్టూ ఇవ్వకపోతే దాన్ని నో-హిట్టర్ అంటారు. చాలామంది పిచర్లు అది చూడకుండానే రిటైరవుతారు. అది నడుస్తున్నప్పుడు డగౌట్‌లో ఎవరూ ఆ పిచరుతో మాట్లాడరు. పక్కన కూచోరు, కళ్లలోకి చూడరు. మాట్లాడితే పోతుంది. ఇది ఎవడూ రాయని రూలు, ఎవడూ తప్పని రూలు.

ధరణి నీళ్ల సీసా తీసుకుని చక్కా పోయి టైలర్ భుజం తట్టి, "సూపర్! ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు నువ్వు!" అంది.

డగౌట్ మొత్తం శవం లేచినట్టు చూసింది. మా మేనేజరు, అందరూ స్కిప్ అంటారు, నోట్లో పొద్దుతిరుగుడు గింజలు మింగేశాడు. టైలర్ వెళ్లి వేసిన మొదటి బంతి కంచె దాటి పార్కింగ్‌లో ఎవరిదో కారు మీద పడింది.

స్కిప్ ఆ అమ్మాయిని తిట్టలేదు. అరవకుండా, మర్యాదగా, "ఇంకోసారి ఇలా జరిగితే ఇంకో ఫిజియోని చూసుకుంటాం" అన్నాడు. పాపం బిక్కచచ్చిపోయింది. స్టోర్‌రూంలో ఐస్ బకెట్ల మధ్య కూచుని ఏడుస్తుంటే వెళ్లి చెప్పా.

"మన దిష్టి లాంటిదే అనుకో. పిల్లాడు బొద్దుగా ఉన్నాడని పైకి అంటామా?"

"గట్ల మొదలే చెప్పాలె కదా," అంది ముక్కు తుడుచుకుంటూ. "చదువుకున్నోళ్లు, మెషీన్లు పెట్టి స్పిన్ కొలుస్తరు. దిష్టి నమ్ముతరని నాకేమెరుక?"

ఇకమీదట నో-హిట్టర్ అన్న మాట వినబడితే నోట్లో నీళ్లు పోసుకుంటానని ఒట్టేసింది.

జూన్ 15

అమ్మానాన్నా సార్నియానుంచి వచ్చారు. దిష్టి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. అమ్మ ఎండుమిరపకాయలూ ఉప్పూ నా చేతి చుట్టూ తిప్పి స్టౌ మీద పడేసింది. ఘాటు రాలేదు, అంటే దిష్టి చాలా ఉందని అర్థమట. ఆ సంగతి నిర్ధారించుకునేలోపు ఫైర్ అలారం మోగి బిల్డింగంతా పార్కింగ్‌లో నిలబడింది. లూక్ టవల్‌తో వచ్చాడు.

"దేనికోసం ఇది?" అన్నాడు.

"నా చేతికోసం."

"పనిచేస్తుందా?" అన్నాడు, నిజంగా తెలుసుకుందామని. తన చేతికి కూడా చేయమని అమ్మని అడిగాడు.

నాన్న వెళ్లేటప్పుడు కారు అద్దం దించి, "చెయ్యి ఎలా ఉందిరా?" అన్నాడు.

"బానే ఉంది నాన్నా."

జూన్ 23

కాఫీ కప్పు చేతిలోంచి జారింది. కప్పుకి నూనె అంటుకుని ఉంది.

జూన్ 26

షాంపూ సీసా. తడి చేతులు.

జూన్ 27

తాళంచెవులు. తాళంచెవులకి నూనె లేదు, చేతులు తడిగా లేవు. ఈ దేశంలో తాళంచెవులు మరీ చిన్నవి.

జులై 1

కెనడా డే. ఓడిపోయాం. బాణసంచా బాగుంది.

జులై 8

ఉంగరం వేలు, చిటికెన వేలు. పొద్దున్న లేచేసరికి నావి కానట్టున్నాయి. కాసేపు దులిపితే వచ్చాయి. చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నా. ఎవరైనా అలా పడుకుంటే తిమ్మిరెక్కుతుంది.

జులై 9

ఈసారి చెయ్యి కింద పెట్టుకోలేదు.

జులై 17

లూక్‌కి అనుమానం వచ్చింది. "నీ స్లైడరు తిరగడం లేదు," అన్నాడు. చివర్లో పక్కకి తిరగాల్సిన బంతి అది.

"తిప్పడం లేదు."

"ఎందుకు?"

"దాస్తున్నా."

"ఎవరినుంచి? బ్యాటర్లనుంచా, నానుంచా?"

క్యాచరుతో వచ్చిన తంటా ఇదే. పెళ్లాం కన్నా ఎక్కువ చూస్తాడు. నాకు పెళ్లాం లేదు కాబట్టి పోల్చి చెప్పలేను. కానీ మృదుల నాతో ఉన్న రెండేళ్లలో నా మోచెయ్యి గురించి అడిగినన్నిసార్లు నా గురించి అడగలేదని ఓసారి అన్నాను. "ఆ రెండిట్లో ఏది నిజం చెప్తే దాన్నే అడుగుతాను" అంది. ఇప్పుడు ఓక్‌విల్‌లో ఉంటోంది. బ్యాంకులో పనిచేసే మంచి అబ్బాయట. వాడి మోచేతులు రెండూ దివ్యంగా ఉండుంటాయి.

జులై 24

రాసేముందు మూడుసార్లు లేచి నీళ్లు తాగా.

స్కిప్ గదిలోకి పిలిచాడు. ఆగస్టు పదిన నన్ను చూడటానికి ఓ పెద్ద క్లబ్బుకి ఆటగాళ్లని వెతికిపెట్టే స్కౌటు వస్తున్నాడు. నన్నే. వాళ్లకి పైజట్టులో ఇద్దరు పిచర్లు పడకేశారు. ఇంకొకళ్ల చెయ్యి విరిగితేనే కదా మనకి పిలుపు. ఆ రోజు బాగా వేస్తే సెప్టెంబర్‌లో పెద్ద లీగుకి ఒక్క మెట్టు కింద ఉంటా. ఒక్క మెట్టు. అక్కడ ఇంకెవరికైనా ఏదైనా విరిగితే టీవీలో ఉంటా.

నాకు చాలా సంతోషంగా ఉంది. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చా. కుళాయి ఎడమచేత్తో తిప్పా. ఊరికే, అటుపక్క నిలబడ్డా కాబట్టి.

ఆగస్టు 3

ధరణి పట్టేసింది. చేతి పట్టు కొలిచే సాధనం ఇచ్చి గట్టిగా నొక్కమంది. నొక్కా.

"ఇంతేనా?"

"నిన్న బరువులెత్తా."

నా చిటికెన వేలు పట్టుకుని కళ్లు మూసుకోమంది. మూసుకున్నా. "ఇప్పుడేం చేస్తున్న?" అంది.

"పట్టుకున్నావు."

"అన్నా, నేను గుచ్చుతున్న."

కళ్లు తెరిచి చూస్తే పిన్నీసు.

"ఎప్పటి సంది ఇట్ల?"

"రెండ్రోజులు."

"ముప్పై రోజులన్నా అయ్యుంటది. నరం నలుగుతున్నది. ఇది నొప్పి గోల కాదు. వేళ్లు పోతే మళ్లీ రావు. స్కిప్‌కి చెప్త."

నేను వేడుకున్నా. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ వేడుకున్నా. పదో తారీఖు ఒక్కటి అవనివ్వు, ఆ తర్వాత నువ్వు చెప్పిన స్కానింగు, నువ్వు చెప్పిన డాక్టరు, కాళ్లు కూడా చూపిస్తా అన్నా. ఎనిమిదేళ్లు దీనికోసమే కదా కుట్టించుకున్నది అన్నా. ఆ అమ్మాయి చాలాసేపు ఐస్ బ్యాగు మడతపెడుతూ నిలబడింది.

"ఒక షరతు," అంది చివరికి. "ఆటల ప్రతి ఇన్నింగ్స్ కి నేను వచ్చి అడుగుత. తెలుగులనే అడుగుత, ఎవ్వరికీ తెల్వదు. నిజం చెప్పాలె. మొద్దుబారితే బారిందని చెప్పాలె. నేను ఆపిస్త. అమ్మ మీద ఒట్టెయ్యి."

వేశా. అడిగితే చెప్తాను. అడిగితే చెప్పడం ఎంతసేపు?

ఆగస్టు 9

అన్నం తినేటప్పుడు ముద్ద జారిపోతోంది. స్పూన్‌తో తిన్నా. నాగరికత అలవాటు చేసుకోవాలి.

ఆగస్టు 10

వరసగా రాస్తా. ఎడమచేత్తో టైపు కొడుతున్నా, లూక్ లాప్‌టాప్‌లో. తెలుగు అక్షరాలు చూసి వాడు "నీ నరాల స్కానింగా అది?" అన్నాడు.

మధ్యాహ్నం ఆట. ఎండ. స్కౌటు బ్యాటరు నిలబడే ప్లేటు వెనక నాలుగో వరసలో, బూడిదరంగు టోపీ, ఒళ్లో బంతి వేగం కొలిచే రాడార్ గన్. అమ్మానాన్నా డగౌటు పైవరసలో. అమ్మ పులిహోర తెచ్చి పక్కవాళ్లందరికీ పంచేసింది.

మొదటి ఇన్నింగ్స్ తర్వాత ధరణి వచ్చింది. "ఎట్లుంది?" "బానే ఉంది." నిజమే చెప్పా. రెండో ఇన్నింగ్స్, "ఎట్లుంది?" "కొంచెం తిమ్మిరి." "ఎంత?" "కొంచెమే." మూడోదానికీ వచ్చింది. నాలుగోదానికీ వచ్చింది.

ఐదోదానికి రాలేదు.

నీళ్లు తాగుతూ చూసుకుంటే బెంచీ మీద నా పక్కన ఎవడూ లేడు. అందరూ ఆ చివర ఒకళ్ల మీద ఒకళ్లు పడి కూచున్నారు, రిజర్వేషన్ లేని బోగీలో లాగ. అప్పుడు స్కోరుబోర్డు చూశా. అవతలివాళ్ల హిట్లు: సున్నా.

నాకు తెలీదు. నిజంగా తెలీదు. నేను ఒక్కో బంతి జారకుండా చూసుకునే పనిలో ఉండి లెక్క చూసుకోలేదు.

ధరణి అవతలి చివర, ఐస్ బకెట్ కాళ్ల మధ్య పెట్టుకుని నేలవంక చూస్తోంది. ఎవడో చెప్పేశాడు ఆ పిల్లకి. మొదట నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. ఒట్టు తప్పలేదు, అబద్ధం చెప్పలేదు, ఎవరూ అడగరు. జూన్‌లో టైలర్‌కి పోయినదంతా దేవుడు నాకు వడ్డీతో ఇచ్చాడనుకున్నా.

ఆరో ఇన్నింగ్స్‌లో రెండు వేళ్లు వెళ్లిపోయాయి. బంతి మీద ఉన్నాయని కళ్లతో చూసుకుని వేశా. ఏడో ఇన్నింగ్స్‌లో మూడో వేలు. బంతి ఎక్కడికి పోతోందో నాకూ తెలీదు, బ్యాటర్లకీ తెలీదు. అందుకే కాబోలు కొట్టలేకపోయారు. ఒకడు గట్టిగా కొడితే మావాడు కంచె మీదకెగిరి పట్టుకున్నాడు. జనం లేచి నిలబడ్డారు. స్కౌటు ఏదో రాసుకున్నాడు. నాకు భయమేసింది. చేతికి ఏమవుతుందోనని కాదు. ఎనిమిదో ఇన్నింగ్స్ కి వెళ్తానని తెలిసి భయమేసింది. నన్ను నేను ఆపుకోలేనని తెలిసి. ఎవరైనా ఒక్కసారి అడిగితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకున్నా. ఒక్కడంటే ఒక్కడు.

డగౌటుకి వచ్చి తిన్నగా ధరణి దగ్గరికెళ్లా.

"ధరణీ, నా చెయ్యి..."

"ష్!" అంది తల ఎత్తకుండా. కళ్లనిండా నీళ్లు. "మాట్లాడొద్దన్నా. దండం పెడత. ఈసారి నా వల్ల పోవద్దు."

"అది కాదు, వేళ్లు..."

చెవులు మూసుకుంది. నిజంగానే, రెండు చేతులతో.

స్కిప్ దగ్గరికెళ్లా. "స్కిప్, నా చెయ్యి పనిచెయ్యడం లేదు." ఆయన నా భుజం మీదుగా ఆకాశంలోకి చూసి, మబ్బులేవీ లేవని గట్టిగా ఎవరికో చెప్పి, అటుపక్కకి నడిచి వెళ్లిపోయాడు. లూక్ వైపు తిరిగా. వాడు మాస్కు దించేసుకుని ఫ్రెంచిలో ఏదో పాడటం మొదలెట్టాడు. పాతికమంది మగాళ్లు, ఒక్కొక్కడూ కొండని పిండి చేసేలా ఉంటాడు, నన్ను చూసి పారిపోతున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే విన్నాను గానీ, ఇంతమంది ఒక్కసారే చెవిటివాళ్లవడం చూడలేదు. ఎనిమిదేళ్లు అడిగిన ప్రతివాడికీ బానే ఉందని చెప్పానే. ఈరోజు అడక్కుండా చెప్తుంటే వినేవాడు లేడు. నాకు నవ్వొచ్చింది. పైకే నవ్వా. దాంతో ఇంకొంచెం దూరం జరిగారు.

మావాళ్ల బ్యాటింగు అయిపోయింది. ఎనిమిది మంది పరిగెత్తుకుంటూ ఫీల్డులోకి వెళ్లారు. లూక్ ప్లేటు వెనక కూచున్నాడు. నా గ్లవ్ బెంచీ మీద ఉంది.

నేనూ బెంచీ మీదే ఉన్నా.

అంతే చేశా. ఏమీ చెయ్యలేదు. లేవలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచున్నా, లేస్తానేమోనని. స్కౌటు గన్ను ఎత్తి, పిచరు నిలబడే ఖాళీ మట్టిదిబ్బ వైపు పట్టుకుని ఉన్నాడు. ఆ ఖాళీలోకి పరిగెత్తాలని కాళ్లు కొట్టుకుంటున్నాయి. చప్పట్లు మొదలయ్యాయి, తర్వాత తగ్గాయి, తర్వాత ఏమీ వినబడలేదు. అమ్మ గొంతు మాత్రం వినబడింది, "ఏవండీ, మనవాడేడి?" అని.

అంపైరు వచ్చాడు. అంపైరుకి మన దిష్టితో పనిలేదు. "పిచరెక్కడ?" అని డగౌటులోకి తల పెట్టి అడిగాడు.

"నేనే," అన్నా. "నా వేళ్లు నాకు తెలియడం లేదు. నేను వెయ్యను."

టైలర్‌ని పంపారు. స్కిప్ అప్పటికీ నాతో మాట్లాడలేదు, ఎందుకంటే టీంకి నో-హిట్టర్ ఇంకా ఉంది. నేను దిగిపోయినా అది దిగలేదు. ఐస్ కూడా నేనే తెచ్చుకున్నా. టైలర్ ఇద్దర్ని ఔట్ చేశాడు. మూడోవాడు కొట్టిన బంతి వంకరగా పోయి గడ్డిలో పడింది. హిట్. పరమ దరిద్రమైన హిట్.

డగౌటు మొత్తం గాలి వదిలింది. తర్వాత అందరూ నా మీద పడ్డారు. పాతికమందీ ఒక్కసారే. "చెయ్యి ఎలా ఉంది? ఎప్పట్నుంచి? ఎక్కడ? ఎందుకు చెప్పలేదురా వెధవా?" అందరికన్నా ముందు ధరణి వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూచుంది. నా చెయ్యి పట్టుకుని, "నన్ను క్షమించన్నా, నేనొక్కదాన్నన్నా అడగాల్సింది," అంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చా. అంతమంది ముందు, కుళాయి లేకుండా.

స్కౌటు ఎప్పుడు వెళ్లాడో చూడలేదు. స్కిప్ మాత్రం ఆట అయ్యాక వచ్చి పక్కన కూచుని గింజల పొట్లం చాపాడు. చాలాసేపు నమిలి, "నాకు వినబడింది, బ్రాడ్" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన్ని తిట్టాలనుకున్నా గానీ ముఖం చూస్తే బుద్ధి పుట్టలేదు.

ఆగస్టు 11

నిద్ర లేచి ఇల్లంతా తిట్టా. లేచి వెళ్లుంటే? ఇంకో ఆరుగురు బ్యాటర్లు, అంతేగా. పడిపోయినా దిబ్బ మీద పడిపోయేవాణ్ణి. నేను బెంచీ మీద పడిపోయిన పిచర్ని. స్కౌటు నుంచి ఫోను రాలేదు, రాదు.

ఆగస్టు 12

తిట్టడం కొనసాగుతోంది. లూక్ పెరుగన్నం కలిపాడు, నాకోసం. ఉప్పు బదులు పంచదార వేశాడు. తిన్నా.

ఆగస్టు 14

ధరణి ఎవరెవరికో ఫోన్లు చేసి తొందరగా అపాయింట్‌మెంటు ఇప్పించింది. నాన్న సార్నియానుంచి వచ్చి తీసుకెళ్లాడు. డాక్టరు పెద్దావిడ, చేతుల స్పెషలిస్టు. కంప్యూటరు పక్కకి తిప్పేసి, "చెప్పండి, ఎక్కడ నొప్పి?" అంది.

చెప్పడం మొదలెట్టా. ఇరవై ఒకటో ఏటినుంచి. మొదటిసారి తెగినప్పుడు లోపల చప్పుడు వినబడిందనీ, అది ఎవరికీ చెప్పలేదనీ. భుజం ఆపరేషన్ తర్వాత రెండేళ్లు చెయ్యి పైకెత్తి తల దువ్వుకోలేక గుండు చేయించుకుని స్టైలని చెప్పుకున్నాననీ. కప్పు, షాంపూ, తాళంచెవులు. ఆవిడ మధ్యలో ఆపలేదు. తలుపు దగ్గర కుర్చీలో నాన్న టోపీ ఒళ్లో పెట్టుకుని విన్నాడు. ఆయనకి అందులో సగం కొత్త.

చేతిని అటూ ఇటూ తిప్పి, వైర్లు పెట్టి పరీక్ష చేసి చెప్పింది. నరం నలిగింది, తెగలేదు. ఆపరేషన్ చేసి పక్కకి జరుపుతారు. వేళ్లు చాలావరకు రావచ్చు. "ఇంకొంచెం లాగి ఉంటే ఈ మాట చెప్పేదాన్ని కాదు," అంది. బంతి గురించి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

బయటికొచ్చాక కారులో నాన్న పైపుల సామెత చెప్తాడని కాచుక్కూచున్నా. చెప్పలేదు. ఊరు దాటి సార్నియా వెళ్లే 402 హైవే ఎక్కాక, "ఆకలేస్తోందా?" అన్నాడు.

"బాగా వేస్తోంది."

స్ట్రాత్రాయ్ దగ్గర హైవే దిగి, రోడ్డు పక్కన చిప్స్ బండి దగ్గర ఆపాడు. రెండు పెద్ద డబ్బాలు తెచ్చాడు. కారు బోనెట్ మీద పెట్టుకుని తింటున్నాం. నా కెచప్ పొట్లం చిరగలేదు. వేళ్లమధ్య జారిపోతోంది. కాస్త అటు తిరిగి మళ్లీ ప్రయత్నించా. మళ్లీ జారింది.

"నాన్నా, ఇది చింపిపెట్టు," అన్నా.

ఆయన పొట్లం తీసుకుని పళ్లతో చింపాడు. కెచప్ సగం ఆయన చొక్కా మీద పడింది. మిగతా సగం నా చిప్స్ మీద పిండి, ఇంకో పొట్లం కూడా తీసుకుని చింపి పక్కన పెట్టాడు.